మెట్టు రేటు

గ్యాసుబండకి స్కూలు మలుపు దాకా నలభై.
మస్తాన్‌బీ కొట్టు దాకా అరవై.
మెట్లు అయిపోయి రాయి మొదలయ్యేచోటికి
నూటపది, ఒక గ్లాసు మంచినీళ్ళు.
నీళ్ళు బేరంలో లేవు.
అడక్కుండానే ఇస్తారు,
వాళ్ళ బిందెలో అడుగు కనిపిస్తున్నా.

చిట్టినగర్ సొరంగం పక్కనుంచి ఎక్కాలి మా కొండ.
కింద బెజవాడ.
పైన కూడా బెజవాడే అంటుంది ఇంటిపన్ను కాయితం.
కొరియర్ కుర్రాడు ఒప్పుకోడు.
టీ బడ్డీ దగ్గర నిలబడి ఫోన్ చేస్తాడు:
"లొకేషన్ కొండలోపలికి చూపిస్తోందన్నా, మీరే దిగండి."

మూడొందల ఎనభై ఆరు మెట్లు.
ఇది నా మోకాళ్ళ లెక్క.
కార్పొరేషన్ లెక్కలో మూడొందల డెబ్భై.
చివరి పదహారూ మేం పోసుకున్నవి,
ఆ ఇసుక మోసినందుకు నేను కూలి తీసుకోలేదు.

పొందూరు అవతల నుంచి వచ్చాను,
మార్కెట్లో ఉల్లి బస్తాలు దించడానికి.
ఎక్కుతూ ఎక్కుతూ పోయి
నా జేబుకి అద్దె అందినచోట ఆగాను.
ఇక్కడ ఎవరి సంగతి వాళ్ళని అడగక్కర్లేదు,
ఎంత ఎత్తున ఉన్నాడో చూస్తే చాలు
ఎంత లేనివాడో తెలిసిపోతుంది.

కృష్ణ మొత్తం కనిపిస్తుంది మాకు.
బ్యారేజీకి ఎన్ని గేట్లెత్తారో
పేపరు కంటే ముందు మా పిల్లలు చెబుతారు.
కుళాయి మాత్రం రోజు విడిచి రోజు,
అదీ మోటారుకి దమ్మున్నంత ఎత్తుకే.
దాలమ్మ గుమ్మం దాకా దానికి దమ్ము లేదు.
"గోడకి తగిలించిన కేలండర్రా ఆ నది,
సూడ్డానికే" అంటుంది, ఖాళీ బిందె బోర్లించి
దానిమీదే కూర్చుని.

మోసినవి చాలా మరిచిపోయాను.
ఏసోబు కొన్న పాత ఫ్రిజ్జు మరవను.
నడుముకి చీర, నుదుటికి తాడు.
ఇరుకు మలుపులో నేనూ, అదీ, గోడా ఇరుక్కుపోయి
ముగ్గురం కాసేపు ఊపిరి తీసుకున్నాం.

ఇంకోటి, ప్లాస్టిక్ కుర్చీ.
అందులో మస్తాన్‌బీ కోడలు, నొప్పులతో.
ముందు నేను, వెనక జకరయ్య,
కరెంటు లేని రాత్రి, నోట్లో టార్చిలైటు.
మనిషిని దించడానికి రేటు లేదు,
ఎవరం ఎప్పుడూ పెట్టలేదు.
నూట ఇరవయ్యో మెట్టు దగ్గర పిల్లాడు ఇక ఆగలేదు.
పుట్టిన ఊరు విజయవాడ అని రాసుకున్నారు.
మెట్టు నంబరుకి కాయితంలో గడి లేదు.

మొన్నటి వానకి కొండ మూడు రాత్రులు కారింది.
నాలుగో తెల్లవారుజామున ఒక చప్పుడు.
ఉరుమైతే మళ్ళీ ఉరుముతుంది.
ఇది ఒక్కసారే వచ్చి కూర్చుంది
ఏసోబు వంటింట్లో,
పడుకున్న దూడంత రాయి, ఫ్రిజ్జుకి ఆనుకుని.
ఫ్రిజ్జు సగమైంది.
దాని ఇవతల చాపమీద ఏసోబు తల్లి లేచి కూర్చుని
"పాలు విరిగిపోయుంటాయి" అంది.

ఆఫీసర్లు వచ్చారు.
పైకి చేరేసరికి వాళ్ళకి మాట రాలేదు,
నీళ్ళిచ్చాం.
ఊరవతల ఫ్లాట్లిస్తాం, దిగండి అన్నారు.
పనికి రానూపోనూ ఆటోకి ఎంతవుతుందని దాలమ్మ అడిగితే
అది వాళ్ళ శాఖ కాదన్నారు.
పేర్లు రాసుకుని వెళ్ళారు.
ఆ కాయితాలింకా మెట్లెక్కుతున్నట్టున్నాయి,
వాటి మోకాళ్ళూ నాలాంటివే కాబోలు.

ఇప్పుడు నేను మొయ్యను.
నా బండ ఖాజా తెస్తాడు,
నూట ఇరవయ్యో మెట్టు వాడు.
నూటపది చేతిలో పెడితే నవ్వాడు.
"ఆ రేటు ఎప్పటిది గురువులు మావా, ఇప్పుడు నూట అరవై."
నేను పెట్టిన రేటు నాకే చెబుతావేంట్రా అని
గట్టిగానే బేరమాడాను.
తగ్గలేదు.
తగ్గి ఉంటే నాకు దిగులుగా ఉండేది.

నీళ్ళు తాగి గ్లాసు గోడమీద పెట్టి
రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయాడు.
ఒరే నెమ్మది, అని అరిచాను.
నేనూ అలాగే దిగేవాణ్ణి,
కింద మోకాళ్ళు
లెక్క రాసుకుంటున్నాయని తెలీక.