పసుపు పట్టీ

గాలి మరీ ఎక్కువైన రోజున
పుంతా అరేనాస్ వీధుల్లో తాళ్ళు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
నేనూ ఓ తాడు పట్టుకునే
పీతల కంపెనీ గుమ్మం చేరాను,
సంచీలో ల్యాప్‌టాప్, సగం తిన్న రొట్టె.

తొమ్మిది రోజులుగా మూగబోయిన ఆఫీసు.
జీతాలు పెన్సిల్‌తో రాస్తున్నారు.
చెరిపిన చోట కాగితం పలచబడి
కింది పేజీలో మనిషి పేరు కనబడుతోంది.

లెక్కలావిడ ఎర్సిల్యా
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అంది:
"ఆ పసుపు పట్టీ తీసెయ్ నాయనా,
ప్రాణం తోడేస్తోంది.
రాత్రి ఇంట్లో నేనే టైపు చేసి
నాకే పంపుకున్న ఉత్తరం,
పొద్దున తెరిస్తే
జాగ్రత్త, ఇది బయటినుంచి వచ్చింది అంటోంది.
బయటిదాన్నా నేను?"

చిలోయే దీవి నుంచి పడవ దిగి ముప్పై ఏళ్ళట.
రొట్టెల కొట్టువాడు ఇంకా
మీదే ఊరమ్మా అంటాడట.

దిగిన ప్రతి ఫైలు వీపునా ఓ చీటీ ఉంటుందండీ,
పేరు మార్చినా ఊడదు,
పక్క ఫోల్డర్‌లోకి నెట్టినా ఊడదు.
ఇదిగో, ప్రాపర్టీస్‌లో అట్టడుగున
అన్‌బ్లాక్ అని ఓ చిన్న గడి.
టిక్కు మీరే పెట్టాలి,
ఎవరు పంపారో చూసుకుని,
ఒక్కోదానికి ఒక్కోసారి.

"మొత్తానికే తీసెయ్యలేవా?"

తీసెయ్యగలను. మూడంటే మూడు టిక్కులు.

మా నాన్న మోంతే ఐమొంద్ సరిహద్దులో
ఇరవయ్యేళ్ళు ఆపిల్ పళ్ళు లాక్కున్నాడు.
పిల్లలు ఏడ్చేవారు. ముసలమ్మలు శపించేవారు.
ఒకడైతే అక్కడే నిలబడి
ఐదు పళ్ళూ కొరికి కొరికి తిన్నాడు,
మా నాన్న కళ్ళలోకి చూస్తూ.
ఆ పళ్ళలో ఏముందని అడిగితే
ఆయన అన్నాడు, నాకేం తెలుసురా,
తెలీకే కదా ఆపింది.

ఆ మూడు టిక్కులూ ఉన్నచోటే ఉంచాను.
బయటినుంచి వచ్చే మాక్రోలకు నోరు కట్టాను.
ఆవిడ కోసం నమ్మకమైన ఫోల్డర్ ఒక్కటి,
పేరు ఆవిడే చెప్పింది: వంటిల్లు.
మా దీవిలో పొయ్యి దగ్గరికి
అయినవాళ్ళనే రానిస్తాం అంది.
వంటింట్లోకి వచ్చినదాన్ని
ఇక ఎవరూ ఏమీ అడగరు, ఆలోచించుకోండి అన్నాను.
మాతే కప్పు నా వైపు జరిపింది.

ఇక అసలు సంగతి.
తప్పు మైకోల్‌ది అని తేల్చేశారు,
నెల జీతానికి కుదిరిన కుర్రాడు.
నేను రాకముందే పంపేశారు కూడా,
కుర్చీకి వాడి కోటు ఇంకా వేలాడుతోంది.

కంప్యూటర్‌కి మొహమాటం లేదు, రాసిపెట్టుకుంది.
రాత్రి పదకొండూ నలభై రెండు.
మేనేజరు గది యంత్రం.
చెల్లించని బిల్లు పేరుతో ఓ ఫైలు.
పసుపు పట్టీ వచ్చింది, ఎడిటింగ్ అనుమతించు నొక్కారు.
ఇంకో పట్టీ వచ్చింది, అదీ నొక్కారు.
పదకొండూ నలభై మూడు తర్వాత
ఎవరూ నొక్కడానికి ఏమీ మిగల్లేదు.
ఆ వేళప్పుడు మైకోల్ దగ్గర
గేటు తాళమైనా ఉండదు.

ఎర్సిల్యా నన్నేమీ అడగలేదు.
కోటు తీసి దులిపి
మళ్ళీ అదే కుర్చీకి వేసింది.

నివేదిక రెండు పేజీలు రాసి
డాన్ అలదీనోకి మెయిల్‌లో పంపాను.
అద్దాల తలుపు ఇవతల కేబుళ్ళు చుట్టుకుంటూ
చుట్టినవే మళ్ళీ చుట్టుకుంటూ నిలబడ్డాను.

తెరిచాడు.
కళ్ళద్దాల మీద సన్నగా పసుపు గీత పడింది.
జాగ్రత్త, ఇది బయటినుంచి వచ్చింది.
చదవచ్చు. అక్షరం మార్చడానికి లేదు.

పక్కనే బొత్తాం ఉంది, ఎప్పటిలాగే.
బయట తాళ్ళు ఈలలు వేస్తున్నాయి.
ఆయన చెయ్యి మౌస్ దాకా వెళ్ళి
ఆగింది.
మొదటి పేజీ మళ్ళీ మొదట్నుంచి చదువుతున్నాడు.