లాభం

మా తాత ఎన్నడూ ఒకటి అనలేదు.
లెక్క మొదలువెడితే లాభం అనేటోడు,
ఆ తర్వాతనే రెండు, మూడు.
బస్తాలకైనా, దవాఖాన మెట్లకైనా,
చెల్లె పుట్టిననాడు దాని కాలివేళ్లకైనా
లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు.
బళ్లె సారు అంకెలు అప్పజెప్పుమంటే
నేనూ లాభం అన్న.
అరచెయ్యి వాచి ఇంటికొచ్చి ఏడిస్తే
"సారుకు మార్కెట్ల ఏం పనుంటది బిడ్డా,
ఆయన తప్పుగాదు" అన్నడు.

ఓదెలు దడువాయి అంటే
ఎనుమాముల యార్డుల పత్తికి ఎరుక, పసుపుకు ఎరుక,
మిర్చి బస్తాల నీడకు పండుకునే కుక్కకు ఎరుక.
చెవి మీద పెన్సిలు, బొడ్లె తక్‌పట్టీల కట్ట.
సైకిలు దేశాయిపేట మలుపు తిరగకముందే
ఆయన తుమ్ము ఇంటికొచ్చేది.
నాయినమ్మ సాంబలచ్చి
అంగీని గడప అవతల్నే ఇప్పించేది.
నాలుగు నీళ్లల్ల పిండినా ఘాటు పోకపోయేది.
చంకనెక్కితే కండ్లు మండేటివి.
మండినా దిగకపోదుము.

ఆఖరికి ఎంజీఎంల
నర్సు బరువు చూస్తనని మిషినెక్కిస్తే,
ఊపిరందుతలేదు, అయినా వంగి చూసి
"ముల్లు సున్న మీద లేదు బిడ్డా,
అద్దకిలో ఎక్కువ జూపెడుతది.
ముందుగాల దాన్ని సరిజెయ్యి" అన్నడు.
ఆమె నవ్వింది. సరిజేసింది.
నలభై ఒకటిన్నర.
ఆ ఒక్క అంకెను మాత్రం
ఆయన కాయితం మీద రాసుకోలే.

రెండేండ్లకోసారి మేడారం పోదుము.
మా చిన్నాయన నిలువెత్తు బంగారం తూగిండు,
మేనత్త తూగింది,
ఎదురింటోళ్లు కుక్కపిల్లను గూడ తూచిన్రు.
తాత మాత్రం తక్కెడ ఎక్కలే.
సంచిల ఏడున్నర కిలోల బెల్లం,
రవ్వంత ఎక్కువ లేదు, తక్కువ లేదు.
గద్దె మీదికి ఇసిరి
ఎనక్కి చూడకుంట వచ్చేటోడు.
పిసినారి ఓదెలు అనేది వాడకట్టు.
నేనూ అన్న, పదమూడేండ్లప్పుడు, ఆయన వినంగనే.
వేలికంటిన బెల్లం నా నోట్లె వెట్టిండు.
ఏమనలే.

పోయిన ఐదోనాడు
గోడకొరిగి కూసున్న నాయినమ్మ
మా ఎవ్వల మొఖం చూడకుంట చెప్పింది.
మా నాయినకు టైఫాయిడు తిరగవెట్టిన యేడు,
అడ్తిదారు జేబుల యాభై నోటు కుక్కి
తరుగు ఇంకింత రాయుమన్నడట.
రాసిండు.
ఏడున్నర కిలోలు.
రేగొండ దిక్కు రైతు, బండికి ఒంటికన్ను ఎద్దు.
చదువురాని మనిషి
తక్‌పట్టీని కండ్లకద్దుకోని పోయిండట.
ఆ కండ్లకద్దుకున్నదే, అన్నది నాయినమ్మ,
అన్నం కాడ గూడ యాదికొచ్చేదట ఆయనకు.
రేగొండ అంగడికి తొమ్మిదిసార్లు పోయిండు,
ఎడ్లు కొననోడు, ఎడ్ల కండ్లల్ల చూసుకుంట తిరిగిండు.
దొరకలే.
రైతు పేరు అడగలేదు గద అప్పుడు.

ఇప్పుడు యార్డుల ఎర్ర అంకెల కాంటలు.
వాటికి చెవి లేదు, చెవి మీద పెన్సిలు లేదు,
జొరమొచ్చిన కొడుకు గూడ లేడు.
తాత ఇత్తడి బిళ్ల నా దగ్గర్నే ఉన్నది.
బొటనవేలు తగిలే కాడ నంబరు అరిగింది.

ఈ మాఘమాసం జాతరకు నేను పోతున్న.
కిరాణం దుకాణంల బెల్లం తూపిస్తుంటే
సేటు ఏడున్నర దాటి ఒక ముక్క కొసరేసిండు.
తీసి పక్కకు వెట్టిన.
ముందుగాల నీ కాంట సున్నకు తెమ్మన్న.
వింతగ చూసి, తెచ్చిండు.
తాత లెక్క ఎన్నిటికాడ ఆగిందో
నాయినమ్మకు గూడ తెల్వదు.
సంచి మూతి ముడేసుకుంట
లాభం, అన్న.
"ఏందమ్మా?" అన్నడు సేటు.
ఏం లేదన్న.