ఎడమ పక్క మద్దెల

గ్రానైట్ కోసే మిషను కాడ పదకొండేండ్లు.
ఎడమ చెవి ఏ పొద్దు పోయిందో తెలీదు,
కూలి తీసుకున్నోడి మాదిరి
చెప్పకుండా పోయింది.

మా అక్క కొడుకు ఢిల్లీబాబు
బస్సులో నాకు కుడిపక్కే కూర్చుంటాడు, అడక్కుండానే.
నా ఫోను లాక్కొని
ఒక్కో యాప్ ఎక్కిస్తాడు, తీసేస్తాడు.
ఒకదాంట్లో రంగుల గీతలు ఎగరతాయి.
"బేసు చూడు మామా!"
గుండె అదిరింది గానీ
పాడే ఆమె గొంతు మునిగిపోయింది.
ఇంకోటి నెలకు తొంభై అడిగింది.
తొంభైకి కొన్నాళ్ళు మా పక్క
టమోటా బాక్సే వస్తాది.

ఆఖరిది బూడిద రంగుది, బొమ్మల్లేవు.
అడుగున చిన్న గడి:
రెండు పక్కలూ ఒకటిగా.
నొక్కినా.

మొగిలి ఘాటు దిగతా ఉండాం.
అదే పాట, నోటికొచ్చిన పాట.
ఉన్నట్టుండి కుడిచెవిలో
ఒక మద్దెల!

ఇన్నేండ్లూ ఆయన
ఎడమ పక్కన కూర్చోని
వాయిస్తానే ఉన్నాడు.
నేనే తిరిగి చూడలా.

"బాగుండాదా మామా?"
చెయ్యి అడ్డం పెట్టినా.
ఉండ్రా,
ముందు ఆయన్ని ముగించనీ.