ముడి

వల్పరాయిసోలో గాలి ముందు టోపీలనే అడుగుతుంది.
ఎఫ్రాయిన్ టోపీలు మూడు సముద్రంలో ఉన్నాయి.
నాలుగోది కొనకుండా
మా క్లినిక్‌కి వచ్చాడు.

ముప్ఫై నాలుగేళ్ళు. కొండ మీదికి పట్టాలపెట్టె నడిపే ఉద్యోగం.
"రోజంతా నేను పైకి పోతుంటాను,
జుట్టు మాత్రం కిందికే వస్తోంది" అన్నాడు
కుర్చీలో కూర్చుంటూ. నవ్వమని కాబోలు.
నేను నరం వెతుకుతున్నాను, నవ్వలేదు.

మోచేతి మడతలోంచి నాలుగు గొట్టాల రక్తం.
యంత్రం గిర్రున తిప్పుతుంది.
ఎరుపంతా అడుక్కి దిగి
చల్ల మీద వెన్నలా
గడ్డిరంగు తేట పైకొస్తుంది.
దాన్ని సన్నసూదిలోకి లాగి
నుదుటి నుంచి నడినెత్తి దాకా
నారు నాటినట్టు, వేలెడు ఎడం వదిలి, గుచ్చుతాను.
నలభై పోట్లు. ఇరవై దాకా లెక్కపెట్టి
ఆ తర్వాత వాళ్ళమ్మని తలుచుకుంటాడు.

డాక్టరు ఏ మాటా ఇవ్వడు.
"ఉన్నది నిలవొచ్చు. పోయింది రాకపోవచ్చు."
రెండో నెలకి కణత దగ్గర
పీచులాంటిది కొంచెం. లైటు కింద పెడితేనే.

మూడోసారి వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చాడు.
ఒర్తెన్సియా. గుప్పిట పట్టనంత తెల్లటి ముడి.
ఇంటికి నూట అరవై రెండు మెట్లు;
కొడుకు పెట్టె ఆ కొండకి వెళ్ళదు.
"ఇంకా రెండు సూదులకి డబ్బు కట్టి ఉన్నాను కదా,
అవి ఈమె మోకాలికి వెయ్యండి."

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టొద్దంటారు.
మా గోడమీది ధరల పట్టీలో
రెండూ పక్కపక్కనే, ఒకే రేటు.

"వెయ్యొచ్చు. కానీ మీ రక్తం ఆమెకి పనికిరాదు.
ఎవరిది వాళ్ళకే."
ఆమె అప్పటికే స్వెటరు చెయ్యి పైకి మడుస్తోంది.
"వీడి రక్తం ఎవరిదనుకున్నావమ్మాయ్?"
కాసేపాగి, కొడుకు నెత్తివైపు చూడకుండా,
"ఆ తల కూడా మా నాన్నదే.
ఇన్నేళ్ళూ మా ఆయన మీదికి తోశాను.
పోయినవాడు, కాదనలేడు కదా."

ఎఫ్రాయిన్ ఏదో అనబోయాడు.
యంత్రం ఆగింది. గొట్టం ఎత్తి చూశాను.
అదే గడ్డిరంగు.

చిప్ప పక్కన సూది దిగుతుంటే
ఆమె లెక్కపెట్టలేదు, ఎవర్నీ తలుచుకోలేదు.
అందిన చోట చెయ్యేసి పట్టుకుంది.
అది కొడుకు తల.

రెండ్రోజులు మెట్లెక్కొద్దని చెప్పి పంపాను.
కిటికీలోంచి చూస్తే
అతను వీధి మలుపులో వంగి నిలబడ్డాడు.
ఆమె వీపెక్కింది, పసిపిల్లలా కాదు, బస్తాలా.
గడ్డం అతని నడినెత్తి మీద ఆనించింది.
గాలికి అక్కడ పనేమీ దొరకలేదు.

నలభై మెట్ల దాకా లెక్కపెట్టాను.
ఈలోగా తర్వాతివాడు వచ్చి
టోపీ తీశాడు.