అడ్డకర్ర

ఆలపల్లి రోడ్డు నాకాల
ఇరవై తొమ్మిదేండ్లు కర్ర లేపిన, కర్ర దించిన.
తాడు రాసుకొని రాసుకొని
కుడి అరచేయి ఇప్పటికీ మొద్దు.
ఆ చేత్తోనే ఇప్పుడు మౌసు పడుతున్న.

పింఛను పైసలతోటి తెచ్చిన పాత కంప్యూటరు.
సిరొంచ ఎండకు దాని ఫ్యాను కూడ ఆయాసపడుతది.
మనుమరాలు ప్రాజక్త పరీక్ష ఫారాలు,
సమ్మక్క బ్యాంకు లెక్కలు,
నది అవతలి మరదలు పంపే పెండ్లి ఫోటోలు
అన్నీ దాంట్లనే.
"దీనికి కాపలా లేదు తాతా" అన్నది పిల్ల.
నేనుండంగ
ఆ మాట అన్నది.

ఉచిత కాపలాదార్లు ముగ్గురు దొరికిండ్రు.
ఒకడు గడప తొక్కకముందే నా ఫోన్ నంబరడిగిండు.
ఒకడు గంటకోసారి పచ్చ చీటీ ఊపి
"ప్రమాదం! ఈ పూట కొంటే సగం ధర" అని కేకేసిండు.
బీటుగార్డు లస్మన్న యాదికొచ్చిండు:
పులి తిరుగుతున్నదని తనే చెప్పి
టార్చిలైటు తనే కిరాయికిచ్చేటోడు.
మూడోడు మాట్లాడడు. కంప్యూటరుతోటే పుట్టిండట,
మూలకు కూసుంటడట.

పోనీ అని ఇద్దరిని పెట్టి చూసిన.
పోలీసు నాకా, జంగలాత్ నాకా
ఎదురెదురుగ పెట్టిన ఏడు
ఆసరెల్లి దాకా లారీలు నిలవడ్డయి.
స్క్రీను మీద చక్రం తిరిగీ తిరిగీ
ప్రాజక్త ఫారం గడువు దాటింది.
పచ్చ చీటీవోణ్ణి ఇంటికి పంపిన.

ఫైర్‌వాల్ అంటే అగ్గిగోడ అనుకున్న.
కాదు, మా జాళరేష.
ఎండలు ముదరకముందే గడ్డి కాలబెట్టి
అడవిల మేం గీసే ఖాళీ గీత.
ప్రోగ్రాముకు సంతకం ఉంటదన్నది పిల్ల.
దుంగ మీది సుత్తె ముద్ర అన్నట్టు.
సుత్తెనే దొంగిలించినోణ్ణి చూసినోణ్ణి,
తల మాత్రం ఊపిన.
దొరికిన వైరస్సును చంపడట, బందీల పెడుతడట.
డిపో వెనక కేసు తెగక
పుట్టలు మొలిచిన ఎడ్లబండ్లు ఎన్ని!
బండ్ల లెక్క రాసినం.
ఎడ్లేమైనయో ఎవ్వరం రాయలే.

ఒక్క మాటే గొంతుల అడ్డం పడ్డది.
జీతం లేని నాకాదారు
ఏం తిని బతుకుతడు?

నాకు తెలుసు.
నాలుగు నెలల జీతం ఆగిన ఏడు
నా టార్చి వెలుగు
చింతపండు బస్తాల మీదనే ఆగింది.
బస్తాల కిందికి దిగలే.

అందుకే మూడోని షరతుల కాగితం చదివిన, చివరిదాకా.
రెండు మధ్యాహ్నాలు పట్టింది.
వాడేం తింటడో సగమే అర్థమైంది.
"ఎవరూ చదవరు తాతా" అని నవ్వింది పిల్ల.
పాసు చూడకుండ కర్ర లేపేటోడు కూడ
అదే అంటడు బిడ్డా.

వచ్చేటోణ్ణి ఎవడైనా ఆపుతడు.
అడవి పోయింది
బయటికి పోయే దారిన.
మూడోణ్ణి అడిగితే, పోయే బండ్లను తను ఆపడట
నేను చెప్తే తప్ప.
సెట్టింగులల్ల దేవులాడి దేవులాడి
ఆ కర్ర కూడ దించిన.

రాత్రి పదకొండున్నర.
తెర మీద చిన్న కిటికీ:
ఏదో బయటికి పోతానంటున్నది,
పోనియ్యాల్నా, వద్దా?
కింద ఒక చిన్న గడి, "నా జవాబు గుర్తుంచుకో" అని.
దాన్ని ముట్టలే.
అద్దాలు తుడుచుకొని పేరు కూడబలుక్కుంటున్న.

సమ్మక్క మేలుకొన్నది.
"ఇంత రాత్రి ఎవరొచ్చిండ్రు?"
"బండి" అన్న.
"పోనియ్యి మరి" అని అటు తిరిగి పండుకున్నది.

ఇంకా పోనియ్యలే.