తరుగు

ఎనుమాముల మార్కెట్ల ఇరవై రెండేండ్ల సంది
దడువాయి పని నాది.
పత్తి తూసిన, మిర్చి తూసిన,
దుమ్ముకు దగ్గుకుంట మక్కలు తూసిన.
జాతర వచ్చిన ఏడు మాత్రం
బీటు బజారుల బెల్లం దుకాణం ముంగట
దూలానికి పెద్ద కాంటా ఏలాడదీసి
మనుషులను తూస్త.

ఒక పల్లెంల మనిషి.
ఒక పల్లెంల బెల్లం.
దాన్ని బెల్లమనం, బంగారమంటం.
అట్ల అనకపోతే తల్లికి కోపమొస్తదని
మా అవ్వ చెప్పేది.
నీకెవలు చెప్పిన్రే అంటే
నోరు మూసుకోని బుక్క తినుమనేది.

ముల్లు నడుమ నిలవడంగనే
అందరు కండ్లు మూసుకోని మొక్కుతరు.
నాకు కండ్లు మూసుకునే వీలు లేదు, కూలి దానికే ఇస్తరు.
ఎనభై ఆరు కిలోల మనిషికి ఎనభై ఆరు కిలోల దేవత.
పద్దెనిమిది కిలోల పొల్లకు పద్దెనిమిది.
ఇవతల మనిషి కూసుంటెనే అవతల లేస్తది.
మనిషి దిగిండా,
ధన్న నేలకు తాకుతది.

మొన్న నాగభూషణం సేటు వచ్చిండు.
చెప్పులిడిసిండు, గడియారం తీసిండు,
జేబుల ఫోను తీసి కొడుక్కిచ్చిండు.
పల్లెంల కూసోని గొణుగుతుంటె నాకినవడ్డది:
"తల్లీ, నా తప్పులెంచకు. కడుపుల పెట్టుకో."
ఆయన ఎనుకనే
పరకాల దిక్కు నుంచి వచ్చిన బుర్ర సారంగం.
మొన్నటి కార్తీకంల ఇదే సేటు
తేమ ఉన్నదని
క్వింటాకు రెండు కిలోలు తరుగు తీసింది ఈయన పత్తికే.
సారంగం కండ్లు మూసుకోని అన్నడు:
"తల్లీ, ఒక్క లెక్క గూడ ఇడువకు."

ఇద్దరికీ ఒక్క దుకాణం బెల్లమే,
ఒక్క బస్సుకే పోతరు, ఒక్క గద్దె మీదనే పెడ్తరు.
లెక్క చూడకని ఒకడు, చూడుమని ఒకడు.

సేటు కాడ దయ లేకనా?
ఉండె.
దాన్నే పూటకింత తరుగు తీసి పక్కకు పెట్టిండు.
ఆ పక్కకు పెట్టిందానికే పసుపు పూసి
ఇప్పుడు తిరిగి ఇయ్యుమని చేతులు జోడిస్తున్నడు.
సారంగం గూడ అంతే,
మార్కెట్ల నిలవడి అడగవలసిన మాటను
మూట గట్టి
అడవికి మోసుకపోతున్నడు.

మామునూరు నుంచి ఒకామె బిడ్డను తోల్కవచ్చింది.
"ఆరు కిలోలున్నప్పుడు జరమొస్తే మొక్కిన అన్నా,
పైసలు కూడలే. ఇప్పుడెంతున్నది?"
నలభై ఒకటి.
ఆమె నెత్తి కొట్టుకున్నది, నవ్వింది గూడ.
పొల్ల పెరిగిన కొద్దీ
బాకీ పడ్డ దేవత గూడ చాటుంగ పెరుగుకుంటనే వచ్చింది.

గద్దె మీద బొమ్మ ఉండదు.
కుంకుమ భరిణె, వెదురు కర్ర, గంతే.
మొఖం లేదు గనుకనే గావచ్చు
ఎవల మొఖం వాళ్ళు పట్టుకపోయి పెట్టి
దాని ముంగట ఏడుస్తరు.

అబద్ధమని నేనంటలేను.
బరువైతే ఉన్నది, నా భుజాలకు తెలుసు.
ఎవల బరువన్నదే
ఇన్నేండ్ల సంది నాకు నిద్ర పట్టనిస్తలేదు.

రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు
ఇదంత కొంరవ్వకు చెప్పిన.
ఆమె సగం ఇన్నది.
"మాటలు చాలు, నువ్వెక్కు" అన్నది.
పెండ్లయిన సంది నన్ను తూసినోళ్ళు లేరు.
ఎక్కి కూసున్న.
ఒక్కొక్క ముద్ద పెట్టుకుంట వచ్చింది.
ముల్లు నడుమకొచ్చింది. అరవై మూడు.
దండం పెట్టబోయిన.
ఆమె ఒంగి ఇంకో ముద్ద తీసింది.
"సరిపోయింది గదనే, అదెందుకు?"

"సారంగం పత్తి తూసిన్నాడు
కాంటా కాడ ఉన్నది నువ్వే గదా."

ముద్ద పడ్డది.
నా పల్లెం జరంత లేసింది.
కిందికి దిగుదామని చూస్తె
కాళ్ళకు నేల అందలే.