బ్రాకెట్లో నవ్వు

సాలిగ్రామంలో మధ్యాహ్నం మూడు.
బయట తారు చెప్పులకంటుకునే ఎండ,
లోపల గోడలకి నల్ల స్పాంజి, ఏసీకి దగ్గు.
పదకొండేళ్లుగా ఇదే స్టూలు మీద కూచుని
ఆయనకి తెలుగు నేనవుతున్నాను.
ఆయనకా సంగతి తెలీదు.

ఈ పనిలో కిటుకంతా పెదాల దగ్గరుంది.
తెర మీద పెదాలు కలిసిన చోట
ప గాని బ గాని మ గాని పడెయ్యాలి,
లేకపోతే దొంగతనం పట్టుబడిపోతుంది.
"ప్రజలు" ఎక్కడేసినా అతుకుతుంది.
"బాధ్యత" కూడా.
పెద్దాయన నోరు మూసి తెరిచినప్పుడల్లా
ఈ రెండూ వాడి వాడి
నా నాలుక మీద
అరిగిన పావలాల్లా మిగిలాయి, ఏ కొట్లోనూ చెల్లవు.

ఇవాళ వంతెన గురించి.
కూలి పందొమ్మిది రోజులైంది.
ఆ సాయంత్రం ఆయన మరో ఊళ్లో
జరీ తలపాగా చుట్టించుకుంటూ
అద్దం కొంచెం పైకెత్తమన్నాడని లోకమంతా చూసింది.
ఇంటర్వ్యూ చేసే పిల్ల, భయపడుతూనే అడిగింది:
"ఆ రాత్రే ఎందుకు వెళ్లలేదండీ?"
నా కాగితం మీద, జవాబుకి ముందు,
(నవ్వు)
అని ఉంది.

"చిన్న సిరిప్పు సార్, ఒకటిన్నర సెకనే,"
అద్దం అవతల నుంచి దొరైరాజ్.

నవ్వాను. దగ్గొచ్చింది.
రెండోసారి ఏడుస్తున్నట్టుందన్నాడు.
మూడోసారి ఊరికే గాలి.
రాక్షసులకి నవ్వినవాణ్ణి, తాగుబోతులకి నవ్వినవాణ్ణి,
పళ్లపొడి ప్రకటనలో బోసినోటి తాతకి
ఒకే టేకులో నవ్వి ఇంటికెళ్లిపోయినవాణ్ణి.

ఆ ముక్కనే తిప్పి తిప్పి వేశారు.
నవ్వయ్యాక ఆయన పెదాలు
ఒక్క క్షణం కలుస్తాయి.
అలవాటు కొద్దీ అక్షరం వెతికాను.
"మన్నించండి."
మొదటి అక్షరం అచ్చు గుద్దినట్టు సరిపోయింది.
మిగతా వాటికి
ఆయన నోరు తెరవాలి.

నాలుగో టేకు వద్దులే అన్నాడు దొరైరాజ్, మంచివాడు.
పాత డిస్కులు తవ్వి ఒక నవ్వు పట్టుకొచ్చాడు.
నాదే.
తొంభైమూడులో దొంగల ముఠాలో ఆరోవాడికి నవ్వింది.
ఆ పొద్దున్నే మెస్సు బాకీ తీర్చేశాను,
ఆ సంతోషం కూడా వినిపిస్తోంది అందులో.
కత్తిరించి అతికించారు.
వోచరు మీద సంతకం పెట్టాను.

ఇంట్లో అనసూయ ఈ మధ్య
మంచినీళ్లడిగితే
"ఆ గొంతుతో అడక్కండి" అంటోంది.
వేళాకోళమే అనుకున్నాను, నెల రోజులు.

రాత్రి తొమ్మిదింటికి అరుణాచలం రోడ్డు మలుపులో
మునిరత్నం నాయుడి టీకొట్టు.
లారీవాళ్ల కోసం తెలుగు చానలు పెడతాడు.
సూళ్లూరుపేట బండ్లు రెండు ఆగున్నాయి.
టీవీలో పెద్దాయనా, నేనూ.
ప్రజలు. బాధ్యత. ప్రజలు.
రోజూ నోరారా తిట్టేవాళ్లే వీళ్లంతా:
డీజిలుకి ఒక తిట్టు, గ్యాసుబండకి రెండు,
చెక్‌పోస్టులో గడిచిన రాత్రికి లెక్కలేనన్ని.
నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి,
అద్దె ఇంట్లో ఓనర్ని తిడుతుంటే విన్నట్టు,
నాక్కాదు కదా అని.

ఇవాళ నవ్వు వచ్చింది,
పడుచుగా, గలగలమంటూ, వంతెన మీదుగా.

ఎవరూ తిట్టలేదు.
బాయిలరు ఒక్కటే బుసలు కొడుతోంది.
నెరిసిన మీసాల డ్రైవరొకాయన
"ఈ గొంతుకి సిగ్గనేది ఉండదా" అని,
టీవీతో కాదు, చేతిలో గ్లాసుతో అన్నట్టు అని,
సగం టీ బల్ల మీద వదిలేసి
లారీ ఎక్కి తలుపు లాక్కున్నాడు.

మునిరత్నం నావైపు చూశాడు, ఏం కావాలని.

ఒక వేలు చూపించాను.